తూములమెట్ట యుద్ధం, పదో తరగతి బి సెక్షను

నమోదు 41, సోమవారం

ఈ దినచర్య పుస్తకం చరిత్ర టీచర్లందరూ రోజూ రాయాలట. రాస్తాను. చదివేవాడికి ఓపిక ఉంటే చదువుకుంటాడు.

పొద్దున్నే బల్లలు తుడిచి ఆట కాయలు లెక్కబెట్టాను. గుర్రాలు రెండు తక్కువ. ఒక ఏనుగుకు తొండం లేదు. తొమ్మిదో తరగతి వాళ్ళను నిలబెట్టి, "గుర్రాలు గడ్డి మేయడానికి పోయాయా?" అని అరిచాను. ఒక్కడైనా నోరు విప్పితేనా! చివరికి రెండు చింతగింజలకు సుద్దముక్కతో కళ్ళు దిద్ది అశ్వదళం పూర్తి చేశాను. తొండం సంగతి దేవుడికి వదిలేశాను.

శుక్రవారం ఆ తొమ్మిదో తరగతి వాళ్ళే ఉప్పేటి పోరును బల్ల మీద తిరగేశారు. నిరుటి దాకా గెలిచిన రాజు ఇప్పుడు ఓడిపోయాడు. దాంతో సెంటర్లో విగ్రహానికి తల మార్చాలి. విగ్రహం మెడలో మర ఉంటుంది, తిప్పితే తల ఊడి వస్తుంది. మా అటెండరు ఏడుకొండలు పానా భుజాన వేసుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఒకసారి గెలిచినోడిని రెండేళ్ళన్నా గెలిచినట్టు ఉంచండమ్మా. మర అరిగిపోయింది. గాలొస్తే తల పక్కకు తిరిగి బస్సుల వైపు చూస్తా ఉంది."

"నా చేతుల్లో ఏముంది ఏడుకొండలూ, గవ్వలు ఎట్లా పడితే అట్లా."

నిజంగానే నా చేతుల్లో ఏమీ లేదు. యంత్రాలు రాసిన చరిత్రలు మనిషికొకటి అయిపోయి, ఏది నిజమో తేల్చలేక కోర్టులు చేతులెత్తేశాక వచ్చిన పద్ధతి ఇది. బడిపిల్లలు బల్ల మీద యుద్ధం ఆడాలి. ఎవరు గెలిస్తే వాళ్ళే గెలిచినట్టు. పిల్లలకు చరిత్ర వస్తుంది, ప్రభుత్వానికి తగాదా తీరుతుంది, ఒకే దెబ్బకు రెండు పిట్టలన్నారు. పిట్టల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

సాయంత్రం గత వ్యవహారాల శాఖ నుంచి కవరు వచ్చింది. ఈసారి మా పదో తరగతి బి సెక్షనుకు లాటరీలో తగిలిన యుద్ధం పేరు చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. తూములమెట్ట యుద్ధం. అంటే మా ఊరి యుద్ధమే.

నమోదు 42, మంగళవారం

హెడ్మాస్టరు బూదాటి పిచ్చయ్య గారు కవరు చూసి కుర్చీలో కూలబడ్డారు.

"రత్నమ్మా, ఎర్రగుమ్మి గుర్తుందా?"

గుర్తుండకేం! మా చెల్లెలు ఉన్నది అక్కడే. ఆరేళ్ళ కింద ఎర్రగుమ్మి పిల్లలు వాళ్ళ ఊరు పుట్టిన యుద్ధం ఆడి ఓడిపోయారు. గెలుపు లేదు కనుక ఊరూ లేదు. ఇళ్ళు ఉన్నాయి, మనుషులు ఉన్నారు, గేదెలు ఉన్నాయి. కాగితం మీద మాత్రం వాళ్ళంతా "దారిన పోతూ ఆగినవారు". ఆగినవాళ్ళకు కుళాయి ఎందుకని నీళ్ళు కట్టేశారు. బస్సు అక్కడ ఆగదు, కాస్త నెమ్మదిస్తుందంతే. మా మరిదికి గుండెనొప్పి వస్తే, నడిచిపోయేవాళ్ళకు బండి పంపే నిబంధన లేదన్నారు. ఆటోలో పడేసి తీసుకుపోతే బతికాడు. మా చెల్లెలు ఉత్తరం రాస్తే వెనక చిరునామా ఇలా ఉంటుంది: పదిహేడో మైలురాయి దగ్గర, నడుస్తూ.

మా తూములపాలెం కథా అంతే. దళవాయి సింగన ఈ మెట్ట మీద ఏరువ దొరను ఓడించి, తన సైనికులను ఇక్కడే కాపురం పెట్టించాడు. బల్ల మీద సింగన ఓడాడా, తొమ్మిది వేలమందిమి నడక మొదలుపెట్టాల్సిందే.

మధ్యాహ్నం చీట్లు తీయించాను. సింగన పక్షం ఖాదర్‌వలికి వచ్చింది. బంగారం లాంటి పిల్లవాడు, కానీ బల్ల ముందు కూర్చుంటే వాడికి ఏడుపొస్తుంది. ప్రతి కాయకూ పేరు పెడతాడు. ఒక్క కాయ చస్తే ఆ పూట అన్నం తినడు. ఇంతవరకూ ఒక్క ఆటా గెలవలేదు.

ఏరువ దొర పక్షం మరియకుమారికి వచ్చింది. ఆ పిల్ల ఇంతవరకూ ఒక్క ఆటా ఓడలేదు.

పిచ్చయ్య గారు కిటికీ ఊచలు పట్టుకుని, "అయిపోయింది" అన్నారు.

నమోదు 43, బుధవారం

పై అధికారి ఎవరైనా ఇది చదివితే ఆట తెలియాలి కదా, రాస్తున్నాను. నియమావళి రాసిన కమిటీకి యుద్ధపుటాటకు తెలుగు మాటలు దొరకలేదట. ముసలమ్మలు అరుగు మీద ఆడే అష్టాచెమ్మా నుంచి ఎత్తుకొచ్చారు. అందుకే మా దగ్గర పాచికలు ఉండవు, గవ్వలే. ఎనిమిది పడితే అష్ట, నాలుగు పడితే చెమ్మ, రెండు పడితే దుగ; అష్ట పడితే ఇంకోసారి వేయచ్చు. సైనికుడు అనం, కాయ అంటాం. పక్షానికి పదహారు. ఎదుటివాడి కాయ ఉన్న గడిలోకి మన కాయ పోతే ఎదుటిది చచ్చినట్టు. మన కాయ బల్ల మధ్య గడికి, అంటే నడిమింటికి చేరితే పండినట్టు. పండిన కాయ ఎవరినీ చంపలేదు, దాన్నీ ఎవరూ చంపలేరు. ఎక్కువ చంపినవాళ్ళది గెలుపు.

యుద్ధంలో పండి ఏం లాభం? అందుకే ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు ఒకటే చెబుతున్నాను: పండించబాకండిరా, బలం తగ్గిపోద్ది.

నమోదు 45, శుక్రవారం

ఊరంతా పొద్దున్నే మరియకుమారి వాళ్ళమ్మ మార్తమ్మ ఇడ్లీ బండి దగ్గర చేరింది. ఎన్నడూ ఆ వైపు చూడనివాళ్ళు కూడా రెండేసి ప్లేట్లు తింటున్నారు. దర్జీ కొలతలు తీసుకుని పిల్లకు పరికిణీ కుట్టి పెట్టాడు. సర్పంచి దుర్గాంబ గారైతే మూడు ప్లేట్లు తిని, నాలుగోది చేతిలో పట్టుకుని, నన్ను పక్కకు పిలిచారు.

"రత్నం టీచరూ, ఆ పిల్లకి కాస్త ఓడిపోను నేర్పు."

"నేను గెలవడం నేర్పడానికి జీతం తీసుకుంటున్నానండీ."

"ఊరే లేకపోతే జీతం యాడిస్తారు? దారిలోనా?"

ఇడ్లీ చల్లారిపోతోందని చెప్పి బడి దారి పట్టాను. 

నమోదు 46, శనివారం

సాయంత్రం ఆ ఇద్దరికీ ప్రత్యేక తరగతి. అంశం: ఓడిపోవుట. బల్ల ముందు ఈ మాట పలకాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

"చూడమ్మా, మంచి ఎత్తు కనబడిందనుకో, దాన్ని వేయకు. చెడ్డది వెయ్యి."

"చెడ్డదంటే ఏది టీచర్?"

"నీ ఏనుగును ఒంటరిగా వదిలెయ్యి."

వదిలేసింది. ఆ ఏనుగును చంపమని నేను పోరుపెడితే ఖాదర్‌వలి కాయలు మూడు ముందుకు వచ్చాయి. వెనక నుంచి ఈ పిల్ల గుర్రం వచ్చి మూడింటినీ చంపింది.

"అదేందే!"

"నేనేం చేయలేదు టీచర్. గవ్వలు అట్టా పడ్డాయి."

కళ్ళు మూసుకుని ఆడమన్నాను. గెలిచింది. ఎడమచేత్తో గవ్వలు వెయ్యమన్నాను. అష్ట మీద అష్ట పడింది. చివరికి నేనే ఆమె వెనక నిలబడి, ఎత్తు ఎత్తుకూ చెప్పి ఆడించాను. అప్పుడు మాత్రం దాదాపు ఓడింది. అయితే ఖాదర్‌వలి చంపాల్సిన చోట చంపకుండా, "ఇది శేషు, వీడికి కాలు నొప్పి" అని తన గుర్రాన్ని వెనక్కు తీసుకుపోయాడు. మళ్ళీ ఆ పిల్లే గెలిచింది. నా తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంటికి పోతుంటే మార్తమ్మ ఎదురొచ్చింది. నమస్కారం పెట్టింది, తిట్టినట్టే ఉంది.

"నా బిడ్డకి ఓడిపోయేది నేర్పిస్తన్నారంట గదా టీచరమ్మా. దానికి బళ్ళో క్లాసు ఎందుకమ్మా? ఆ పని ఊళ్ళో మాకు చిన్నప్పట్నుంచీ అందరూ నేర్పించారు. అది ఒక్క ఆ బల్ల కాడే నేర్చుకోలా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతకు మించి రాయలేను.

నమోదు 47, సోమవారం

మరియకుమారిని ఒంటరిగా పిలిచాను.

"శనివారం చెప్పిందంతా మర్చిపో. నీకు ఎట్టా వచ్చో అట్టా ఆడు."

"ఊరు పోద్ది గదా టీచర్?"

"పోతే పోనీ. నీ చేత అబద్ధం ఆడించి నిలబెట్టిన ఊళ్ళో నేను ఉండలేను."

ఆ పిల్ల గోడ వైపు తిరిగి ఏడ్చింది. "గెలవాలని నాకూ లేదు టీచర్. మా అమ్మ ఇడ్లీ బండి ఈ ఊళ్ళోనే గదా ఉంది. కానీ ఓడాలని కూర్చుంటే చేతులు మాట వినడంలా" అంది. నేనూ ఏడ్చాను. పిచ్చయ్య గారికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆయనకు బీపీ.

నమోదు 49, బుధవారం. ఆట

బడి ఆవరణలో షామియానా వేశారు. పది గంటలకల్లా ఊరంతా వచ్చేసింది. కొందరు ముందుజాగ్రత్తగా మూటలు కూడా కట్టుకొచ్చారు, నడక ఇక్కడి నుంచే మొదలుపెట్టచ్చని. గత వ్యవహారాల శాఖ నుంచి పరిశీలకుడు ధనకోటి గారు వచ్చారు. నున్నగా గీసిన గడ్డం, కొత్త ఫైలు. పుట్టి బుద్ధెరిగాక గవ్వ చేత్తో పట్టలేదని మొహం చూస్తేనే తెలిసిపోయింది.

ఆట మొదలైంది. ఖాదర్‌వలి మొదటి అష్ట వేశాడు. ఏనుగులను ముందుకు తోస్తాడనుకుంటే, గుర్రాన్ని తిన్నగా నడిమింటి వైపు నడిపించాడు. తర్వాత ఇంకో కాయ. ఆ తర్వాత ఇంకోటి.

"ఏం చేస్తన్నావురా?" అన్నాను.

"ఇంటికి పంపిస్తన్నా టీచర్. ఈ పిల్ల చేతిలో పడితే ఒక్కడూ మిగలడు."

జనంలో ఒకటే గోల. అరగంటలో సింగన సైన్యం సగం పండిపోయింది. పిచ్చయ్య గారు కండువా మొహం మీద కప్పుకున్నారు. అంతలో ఖాదర్‌వలికి చెమ్మ పడింది, అంటే నాలుగు. సరిగ్గా నాలుగు గడుల అవతల ఏరువ దొర కాలిబంటు ఒకటి ఒంటరిగా ఉంది. దాన్ని చంపి, మిగిలినవి పండించుకుంటే చాలు, ఒకటికి సున్న, ఊరు నిలబడుతుంది.

"చంపరా!" అని తొమ్మిది వేలమంది ఒకే గొంతుతో అరిచారు. సర్పంచి గారు కుర్చీ ఎక్కారు.

ఖాదర్‌వలి ఆ కాలిబంటును చూశాడు. అది నడిమింటికి నాలుగు గడుల దూరంలో ఉంది. "ఇంటికి దగ్గర్లో ఉన్నాడు గదా, పోనీండి" అని వేరే కాయ కదిపాడు.

వాళ్ళ నాన్న తల పట్టుకున్నాడు. ఎవరో చెప్పు విసిరారు, అది షామియానా మీద పడి అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు గవ్వలు మరియకుమారి చేతిలో. అష్ట పడింది. మళ్ళీ వేస్తే చెమ్మ. ఆ రెండింటితో ఖాదర్‌వలి కాయలు రెండు చచ్చేలా ఉన్నాయి. నాకు కనబడింది, ఆ పిల్లకు నాకంటే ముందే కనబడి ఉంటుంది.  ఆమె చెయ్యి కాయ మీద పెట్టింది, తీసింది. నా వైపు తిరిగింది.

"టీచర్, నేను గూడా నా వాళ్ళని పండించుకోవచ్చా?"

"కాదని ఎక్కడా లేదమ్మా."

"అయితే ఇది ఓడిపోయినట్టు కాదుగా?"

"కాదు."

ముక్కు తుడుచుకుని, ఆ చెమ్మతో ఒంటరి కాలిబంటును లోపలికి పంపింది.

ఇక చూడాలి ఆ సంబరం! యుద్ధం పోయి పరుగు పందెం అయింది. ఎవరి కాయలు ముందు ఇల్లు చేరతాయా అని ఇద్దరూ గవ్వలు గిలకరించి వేస్తున్నారు. ఇంతసేపూ ఏమీ అర్థంకాక కూర్చున్న ముసలమ్మలకు ఒక్కసారిగా ఆట అర్థమైపోయింది. "ఒసే పిల్లా, ఆ మూలది లాగవే!" "ఆ దుగ ఇటు వాడుకోరా అబ్బాయ్!" అని బల్ల చుట్టూ చేరారు. ఒక ముసలమ్మ మాత్రం కర్రతో నేల కొట్టింది.

"చంపకుండా లోపలికి ఎట్టా పోతాయే? మా కాలంలో ఒక కాయనన్నా చంపితేనే లోపలికి రానిచ్చేది!"

 నిజమే, అసలు అష్టాచెమ్మాలో ఆ నియమం ఉంది. నియమావళి తెరిచి వెతికాను. ధనకోటి గారూ వెతికారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. లేదు. ఆట ఎత్తుకొచ్చిన కమిటీ వాళ్ళు ఆ ఒక్క ముక్క రాసుకోవడం మర్చిపోయారు. వాళ్ళ కడుపు చల్లగుండ!

పన్నెండున్నరకు ఆఖరి కాయ ఇల్లు చేరింది. బల్ల ఖాళీ.

ధనకోటి గారు పత్రం తీసి నా ముందు పెట్టారు. చచ్చిన కాయలు: సున్న. పండిన కాయలు: ముప్పై రెండు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

"విజేత గడి ఖాళీగా ఉంచకూడదు మేడమ్."

"ఎవరూ గెలవలేదండీ."

"అలా కుదరదు. ఇంతకీ ఈ పండినవి ఏమిటి?"

"కాయలు."

"ముప్పై రెండు కాయలూ పండాయా?"

"పండాయి. అందరూ చూశారు."

"పండి ఏమయ్యాయి?"

"ఇళ్ళకు చేరాయి."

నేను చెప్పిందాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన మాత్రం పెన్ను మూసి, నెత్తి మీద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలారు.

"అయితే ఇది మా శాఖది కాదండీ. ఉద్యాన శాఖది."

నమోదు 56, గురువారం

ఉత్తర్వు వచ్చింది. నకలు రాస్తున్నాను: "తూములమెట్ట వద్ద ఎన్నడూ ఎటువంటి యుద్ధమూ జరగలేదనియు, రెండు దిక్కుల నుంచి వచ్చిన జనము కాయలు పండించుకుని ఇళ్ళకు చేర్చుకున్నారనియు, సదరు ఇళ్ళే నేటి తూములపాలెమనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

ఊరు ఉంది! పిచ్చయ్య గారు నన్ను కౌగిలించుకోబోయి, తమాయించుకుని, ఏడుకొండలును కౌగిలించుకున్నారు. మార్తమ్మ ఆ పూట ఇడ్లీలు ఊరికే పెట్టింది. సాయంత్రానికి మళ్ళీ కొట్లాట. ఏ కాయలో వారంలోగా తెలపాలని ఉద్యాన శాఖ అడిగింది. తూర్పు వీధి మామిడి అంటుంది, పడమటి వీధి సీతాఫలం అంటుంది. సీతాఫలమంటే మా తాతలు అడవి మనుషులా అని తూర్పు వీధి. ఇద్దరు ఆసుపత్రిలో ఉన్నారు. యుద్ధం లేకుండా పోయిందని ఎవరన్నారు?

నమోదు 62, గురువారం

ఇంకో కవరు, ఇటుకంత లావు. పైన గత వ్యవహారాల శాఖ ముద్ర.

తూములమెట్ట యుద్ధంలో చనిపోయినట్టు తాటాకు దస్త్రంలో రెండు వందల పద్నాలుగు పేర్లు ఉన్నాయట. యుద్ధమే జరగలేదు కనుక, "మరణ కారణము రద్దయినందున", వీరందరినీ జీవించి ఉన్నట్టుగా భావించి ఊరి జనాభాలో కలుపుకోవలెనట. వాళ్ళలో బడి ఈడు వాళ్ళు అరవై ఒక్కరు. ఆ అరవై ఒక్కరినీ మా బళ్ళో, యుద్ధం ఆడిన సెక్షనులోనే చేర్చుకోవాలట. వరుసగా మూడు రోజులు హాజరు కాని పక్షంలో పేరు కొట్టివేసి, తిరిగి మృతుల జాబితాకు పంపవలెనట.

పగలబడి నవ్వాను. పదో తరగతి బి సెక్షనులో చదివి వినిపిస్తే పిల్లలూ నవ్వారు. జాబితా చేతికి తీసుకున్నాక నవ్వు ఆగింది. పేరు పక్కన వయసు ఉంది. ఎల్లమంద, పద్నాలుగు. అంకాలు, పదిహేను. మీరాసాహెబు, పదహారు. గురవడు, పద్నాలుగు. చినమస్తాను, పదమూడు.

ఇరవై రెండేళ్ళు ఈ యుద్ధాలు నేర్పాను. ఏ దళంలో ఎన్ని కాయలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒక కాయకు వయసెంతో ఒక్కనాడూ నాకు తట్టలేదు. పిల్లల ముందే ఏడుపొచ్చేసింది.

"వీళ్ళలో మనోళ్ళు ఎవరు టీచర్, ఏరువోళ్ళు ఎవరు?" అని ఖాదర్‌వలి అడిగాడు.

చూశాను. జాబితా అకారాది క్రమంలో ఉంది. పక్షం గడి లేదు.

మరియకుమారి లేచి నిలబడింది. 

"నిరుడు నేను తొమ్మిది యుద్ధాలు గెలిచాను గదా టీచర్. ఆడ చచ్చినోళ్ళకి గూడా ఇట్టాంటి జాబితా ఉంటదా?"

"ఉంటుందమ్మా" అన్నాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది, చెప్పలేకపోయాను.

నమోదు 66, మంగళవారం

మూడో రోజు. శనివారం, సోమవారం పేర్లు పిలిచాను. ఎవరు పలుకుతారు? గైర్హాజరు వేశాను. ఇవాళ కూడా వేస్తే అరవై ఒక్కరినీ కొట్టేయాలి. రాత్రంతా నిద్ర లేదు. ఇరవై రెండేళ్ళలో ఏ పుస్తకంలో గానీ ఏ రిజిస్టరులో గానీ లేనిది ఉన్నట్టు రాసి ఎరగను.

బి సెక్షను ముప్పై నలుగురి హాజరూ అయింది. పేజీ తిప్పాను.

"ఎల్లమంద."

 గైర్హాజరు వేయబోతూ పెన్ను కాగితం మీద పెట్టాను.

"ఉన్నాను టీచర్."

తలెత్తి చూస్తే ఖాదర్‌వలి. తన హాజరు అప్పుడే పలికాడు. మళ్ళీ లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వు ఎల్లమందవా?" అన్నాను. 

"వాడు ఇల్లు చేరాడు టీచర్. నాకు తెలుసు, నేనే పంపించా."

 హాజరు వేశాను.

"అంకాలు."

"ఉన్నాను టీచర్." మరియకుమారి.

"మీరాసాహెబు."

"ఉన్నాను టీచర్."

"గురవడు."

"ఉన్నాను టీచర్." ఈసారి వెనక బెంచీ నుంచి ఇద్దరు ఒకేసారి లేచి, ఎవరు పలకాలా అని ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరినీ కూర్చోమన్నాను. చినమస్తాను పేరు పిలిచేసరికి నాకు అక్షరాలు కనబడలేదు, మరియకుమారి వచ్చి మిగతావి చదివి పెట్టింది. చాలామంది రెండేసి సార్లు లేచారు. అరవై ఒక్కరూ పలికారు. అరవై ఒక్కరికీ హాజరు వేసి, కింద సంతకం పెట్టాను.

బెల్లు కొట్టాక వంటశాలకు వెళ్ళి, ఇవాళ బియ్యం ఇంకో ఆరు కేజీలు పొయ్యమని చెప్పాను.

"ఎవురొచ్చారమ్మా?" అంది వంటామె.

"పిల్లలు" అన్నాను.